రాయి ఎటు పగులుతుంది?

2017 నవంబరు 15, బుధవారం. దక్షిణ కొరియాలో పన్నెండో తరగతి పిల్లలున్న ప్రతి ఇంట్లోనూ ఆ రోజు ఒకటే హడావుడి. తెల్లారితే కాలేజీ ప్రవేశపరీక్ష. నిన్నమొన్నటి దాకా మనం ఎంసెట్ అని పిలుచుకున్న పరీక్ష లాంటిదే... కాకపోతే దేశం మొత్తానికీ ఒకటే. ఆ రోజు ఆఫీసులు ఆలస్యంగా తెరుస్తారు. ఇంగ్లిష్ విని రాసే పరీక్ష జరిగే కాసేపూ విమానాలు ఎగరవు, దిగవు. ఆలస్యమైన పిల్లల్ని పోలీసులే బండెక్కించుకుని పరీక్ష కేంద్రంలో దింపుతారు. అంతటి పరీక్ష ఆ ఏడాది అనుకున్న రోజున జరగలేదు. దాదాపు 6 లక్షల మంది పిల్లలు చదివిన పుస్తకాలే మళ్లీ తిరగేస్తూ ఇంకో వారం కూర్చోవాల్సి వచ్చింది. ప్రకృతి వైపరీత్యం వల్ల ఆ పరీక్ష వాయిదా పడటం అదే మొదటిసారి.

కారణం పొహాంగ్. ఉక్కు ఫ్యాక్టరీ, రేవు, సముద్రం... చిన్నసైజు విశాఖపట్నం అనుకోవచ్చు. ఆ మధ్యాహ్నం రెండున్నరకు ఆ ఊరి కింద భూమి 5.5 తీవ్రతతో కదిలింది. విశ్వవిద్యాలయ భవనం ఇటుకలు జలజలా రాలుతుంటే విద్యార్థులు పరుగులు తీశారు. అపార్టుమెంట్ల గోడలు నెర్రెలిచ్చాయి. పదుల సంఖ్యలో జనం గాయపడ్డారు. 1,700 మందికి పైగా ఇల్లు వదిలి వ్యాయామశాలల్లో, శిబిరాల్లో తలదాచుకున్నారు.

వైపరీత్యం సరే. అది ప్రకృతిదేనా? 2019 మార్చిలో ప్రభుత్వం నియమించిన శాస్త్రవేత్తల బృందం కాదని తేల్చింది. ఊరి పక్కనే నాలుగు కిలోమీటర్లకు పైగా లోతున తవ్విన రెండు బోర్లలోకి ఒత్తిడితో నీళ్లు పంపడమే ఆ భూకంపాన్ని లేపిందని చెప్పింది.

నీళ్లు పంపినవాళ్లు లెక్కాపత్రం లేకుండా ఆ పనికి దిగలేదు. ఇలాంటి ఏ ప్రాజెక్టయినా నేల మీదకన్నా ముందు కంప్యూటర్‌లో జరుగుతుంది. రాయి ఎటు చీలుతుంది, ఎంత దూరం చీలుతుంది, ఎన్ని నీళ్లు తాగుతుంది, ఎంత అదురుతుంది... అన్నీ అక్కడే ముందుగా చూసుకుంటారు. మరి ఆ కంప్యూటర్ దగ్గర ఏం ఉంది? ఏం లేదు?

చీలికలెందుకు?

ముందు అసలు పని సంగతి. భూమి లోపలికి వెళ్లేకొద్దీ వేడి. నాలుగైదు కిలోమీటర్ల లోతున, అనువైన చోట్ల, రాయి నీళ్లు మరిగే వేడిని ఎప్పుడో దాటేసి ఉంటుంది. ఒక బోరులోంచి చల్లనీళ్లు పంపి, ఆ వేడి రాళ్ల సందుల్లోంచి పారించి, పక్క బోరులోంచి పైకి తీస్తే కరెంటు పుడుతుంది. బొగ్గు అక్కర్లేదు, పొగ రాదు, ఎండతో గాలితో పని లేదు. చిక్కల్లా ఒక్కటే. ఆ లోతులో గ్రానైటుకు సందులు ఉండవు. ఉన్నా అతుక్కుపోయి ఉంటాయి. వాటిని తెరవాలి. దానికి మనిషి కనిపెట్టిన ఉపాయమే నీటి ఒత్తిడి, అంటే హైడ్రాలిక్ ఫ్రాక్చరింగ్.

రాయిని నీటితో చీల్చడం మనకు కొత్తేం కాదు. వరసగా చిల్లులు తొలిచి, వాటిలో ఎండు కర్రమేకులు దిగ్గొట్టి, నీళ్లు పోసి వదిలేసేవారు పాతకాలం రాళ్లు కొట్టేవాళ్లు. కర్ర ఉబ్బుతుంది, బండ రెండవుతుంది. రాయిని ఓసారి అటూఇటూ చూసి ఏ వైపు చీలుతుందో చెప్పేయగలరు వాళ్లు. కానీ వాళ్ల రాయి నేల మీద ఎండకు పడుంది. దాన్ని నొక్కేవాళ్లెవరూ లేరు. కిలోమీటరు లోతులో సంగతి వేరు. అక్కడ చదరపు సెంటీమీటరు మీద పైనున్న రాళ్ల బరువే సుమారు 270 కిలోలు. నాలుగు కిలోమీటర్ల లోతుకు వెళితే బొటనవేలి గోరంత చోటు మీద టన్నుకు పైగా! పక్కల నుంచి నొక్కే బలాలు అదనం.

అమెరికాలో చమురు బావులవాళ్లు దీన్ని వ్యాపారంగా మార్చకముందు పేలుడు పదార్థాలతో నెట్టుకొచ్చారు. 1860ల్లో ఎడ్వర్డ్ రాబర్ట్స్ అనే ఆయన బావుల్లోకి టార్పెడోలు దించి పేల్చేవాడు. నైట్రోగ్లిజరిన్‌తో ఆ పని ఎంత ప్రమాదమో చెప్పక్కర్లేదు. 1947లో కాన్సాస్ రాష్ట్రంలోని హ్యూగోటన్ గ్యాస్ క్షేత్రంలో స్టానోలిండ్ కంపెనీ పేలుడు మానేసి ద్రవాన్ని పంపి చూసింది. ఆ ద్రవం ఏమిటనుకున్నారు? నాపామ్ కలిపి చిక్కబరిచిన పెట్రోలు! రెండో ప్రపంచయుద్ధంలో ఊళ్లు తగలబెట్టిన సరుకు. ఆ ప్రయోగం పెద్దగా పారలేదు కూడా. అయినా రెండేళ్లకే, 1949 మార్చి 17న, ఓక్లహామాలోనూ టెక్సాస్‌లోనూ హాలిబర్టన్ కంపెనీ దీన్ని డబ్బులకు చేసిపెట్టడం మొదలుపెట్టింది. చీలిక మళ్లీ మూసుకోకుండా నీళ్లతోపాటు ఇసుక పంపుతారు. తలుపు కొట్టుకోకుండా గుమ్మంలో రాయి అడ్డంపెట్టినట్టన్నమాట.

అప్పట్లో చాలామంది ఇంజినీర్లు చీలిక అడ్డంగా, పొరలు విడదీసినట్టు వస్తుందనుకున్నారు. కాదని చూపించిన ఇద్దరి ప్రయోగం ఇంట్లోనూ చేసుకోవచ్చు అన్నంత తేలిక. షెల్ కంపెనీలో పనిచేసే కింగ్ హబ్బర్ట్, డేవిడ్ విల్లిస్ 1957లో జెల్లీని ఒక పాలిథిన్ సీసాలో గడ్డకట్టించారు. దాన్ని రెండువైపుల నుంచి నొక్కిపెట్టి, మధ్యలోకి సన్నగొట్టంతో ప్లాస్టర్ ఆఫ్ పారిస్ పంపారు. ప్లాస్టర్ గట్టిపడ్డాక జెల్లీ తీసేస్తే చీలిక ఆకారం చేతికొచ్చింది. నొక్కుడు ఎటు తక్కువుంటే అటు తెరుచుకుంది! కిక్కిరిసిన బస్సులో మోచెయ్యి ఎటు ఖాళీ ఉంటే అటు కదిపినట్టే. రెండు మూడు కిలోమీటర్ల లోతులో పైనుంచి పడే బరువు సాధారణంగా ఎక్కువ కాబట్టి చీలిక పైకెత్తుతూ తెరుచుకోదు. నిలువుగా నిలబడి పక్కలకు తెరుచుకుంటుంది. కంప్యూటర్ మోడల్ ఏదైనా సరే, మొదటి పాఠం ఈ జెల్లీదే.

కోడి ముందా, గుడ్డు ముందా?

మరి లెక్క ఎక్కడ కష్టం? పగులు లోపల ఒకేసారి నాలుగు పనులు జరుగుతుంటాయి. వాటిలో ఏ ఒక్కటీ మిగతావి తేలకుండా తేలదు.

నీటి ప్రవాహం సంగతే చూడండి. చీలిక వెడల్పు కొన్ని మిల్లీమీటర్లు. అంత ఇరుకు సందులో ప్రవాహం వెడల్పు ఘనాన్ని బట్టి ఉంటుంది. వెడల్పు రెట్టింపైతే అదే ఒత్తిడికి ఎనిమిది రెట్లు నీళ్లు పారతాయి. సగమైతే ఎనిమిదో వంతే. వెడల్పు అంచనాలో చిన్న పొరపాటు ప్రవాహం దగ్గరకు వచ్చేసరికి కొండంతవుతుంది.

ఆ వెడల్పును తేల్చేది రాయి. దూదిపరుపు మీద ఓ మూల ఎవరైనా కూర్చుంటే రెండో మూలన పడుకున్నవాళ్లు కూడా కాస్త ఒరుగుతారు కదా. రాయీ అంతే. చీలికలో ఒకచోట నీళ్లు నెడితే మొత్తం చీలిక పొడవునా వెడల్పు మారుతుంది. అంటే ఒక్క బిందువు దగ్గర లెక్క కట్టాలన్నా అన్ని బిందువుల ఒత్తిడీ తెలియాలి. ఒత్తిడి తెలియాలంటే ప్రవాహం తెలియాలి. ప్రవాహం తెలియాలంటే వెడల్పు! కోడి ముందా గుడ్డు ముందా అన్న చందం. కంప్యూటర్ ఒక వెడల్పు ఊహించి, ఒత్తిడి కట్టి, దానితో వెడల్పు సరిచూసి, తేడా వస్తే మళ్లీ మొదటికొచ్చి... రెండూ కుదిరేదాకా తిరుగుతూనే ఉంటుంది. కుదిరాక గడియారం ఓ క్షణం ముందుకు జరుగుతుంది. మళ్లీ మొదలు.

ఇక ఇంకిపోయే నీళ్లు. కొత్త కుండలో నీళ్లు పోస్తే గోడలు మొదట గబగబా పీల్చుకుంటాయి, పోనుపోను నెమ్మదిస్తాయి. పగులు గోడలూ అలాగే పీలుస్తాయి. 1957లో కార్టర్ అనే ఇంజినీరు దీనికో సూత్రం కట్టాడు. రాయి తడిసిన సమయం నాలుగు రెట్లయితే పీల్చే వేగం సగమవుతుందని. ఇప్పటికీ ఎన్నో ప్రోగ్రాముల్లో ఆ కుండ సూత్రమే నడుస్తోంది.

చివరిది, రాయి నిజంగా తెగే చోటు. చీలిక మొన. ఇక్కడ ఇంగ్లండులోని ఫార్న్‌బరో విమాన కర్మాగారంలో పనిచేసిన గ్రిఫిత్‌ను తలుచుకోవాలి. గాజు ఉండాల్సినంత గట్టిగా ఎందుకు లేదని ఆయన ఆరాతీశాడు. కంటికి ఆనని గీతలే కారణమని 1921లో ప్రచురించిన వ్యాసంలో చూపించాడు. చీలిక ఇంకొంచెం సాగితే విడుదలయ్యే శక్తి, కొత్త ఉపరితలం చేయడానికి ఖర్చయ్యే శక్తికి సరిపోవాలి. సరిపోతేనే సాగుతుంది, లేకపోతే ఆగుతుంది. ఖర్చూ ఆదాయమూ... ఇల్లు నడిపేవాళ్లకు కొత్తగా చెప్పాల్సిన సూత్రం కాదు.

మొదట్లో కంప్యూటర్లు లేకపోవడంతో మేధావులు చీలిక ఆకారాన్ని ముందే ఊహించేసుకుని కాగితం మీద లెక్క తేల్చారు. 1955లో సోవియట్ శాస్త్రవేత్తలు క్రిస్టియానోవిచ్, జెల్తోవ్ మొదలుపెట్టిన మోడల్‌ను 1969లో గీర్ట్స్‌మా, డిక్లర్క్ సానబట్టారు. 1961లో అమెరికాలో పెర్కిన్స్, కెర్న్ ఇంకోటి కట్టారు. దాన్ని 1972లో నార్డ్‌గ్రెన్ పూర్తిచేశాడు. సరదా ఏమిటంటే, నీళ్లు ఒకే వేగంతో పంపుతూ పోతే లోపల ఒత్తిడి తగ్గుతూ వస్తుందని మొదటిది చెబుతుంది. పెరుగుతూ పోతుందని రెండోది చెబుతుంది! రెండూ తప్పు కాదు. పొడవుకన్నా ఎత్తు ఎక్కువున్న చీలికకు మొదటిది నప్పుతుంది, ఎత్తుకన్నా ఎంతో పొడవు సాగినదానికి రెండోది. రెండింటిలో ఏది పెట్టుకోవాలో ఇంజినీరు అనుభవం చెప్పాలి. లెక్కల్లో అనుభవానికి చోటుండటం కొందరికి నచ్చకపోవచ్చు. కానీ చాలా ఏళ్లు బావులు నడిచింది అలాగే.

కంప్యూటర్లు వచ్చాక ఆకారాన్ని ఊహించాల్సిన అవసరం తగ్గింది. కానీ కొత్త తలనొప్పులు మొదలయ్యాయి. చీలిక పొడవు వందల మీటర్లు, వెడల్పు మిల్లీమీటర్లు, అసలు వ్యవహారమంతా నడిచే మొన అంతకన్నా చిన్నది. రాయిని చిన్నచిన్న గడులుగా విడగొట్టి లెక్కకట్టడం కంప్యూటర్ పద్ధతి. మొన కోసం గడులు సన్నం చేస్తే కోట్లలో పుట్టుకొస్తాయి. లావు చేస్తే మొన దొరకదు. పైగా అది ఒకచోట నిలవదు, కదిలిపోతుంటుంది. ఈ మొన దగ్గర ఏం జరుగుతుందన్నదాని మీద మిన్నెసోటా విశ్వవిద్యాలయానికి చెందిన ఇమాన్యుయెల్ డెటూర్నే, ఆయన సహచరులు ఏళ్ల తరబడి పనిచేశారు. వాళ్లు తేల్చిందాన్ని వంటింటి భాషలో చెబితే... తేనె లాంటి చిక్కటి ద్రవం పంపితే శక్తంతా ఆ ద్రవాన్ని సందులోకి నెట్టడానికే పోతుంది, రాయి ఎంత గట్టిదన్నది పెద్దగా పట్టదు. పలుచటి నీళ్లు నెమ్మదిగా పంపితే రాయి మొండితనమే అన్నీ నిర్ణయిస్తుంది. మొన దగ్గర సమాధానం ముందే కాగితం మీద తెలిసిపోతే, అక్కడ కంప్యూటర్ గడులు సన్నం చేయక్కర్లేదు. కోట్ల గడుల పని వేలతో సరిపోతుంది.

గడులతో పోట్లాట ఎందుకని ఇంకో దారి పట్టినవాళ్లూ ఉన్నారు. 1999లో బెలిచ్కో బృందం చీలిక గడుల మధ్యలోంచి ఎటు పడితే అటు కోసుకుపోయేలా సమీకరణాలను మార్చింది. ఇంకొందరు చీలికను గీతలా కాకుండా కాగితం మీద సిరా మరకలా చూడమన్నారు. మధ్యలో నల్లగా, అంచుల్లో పలచబడుతూ. చీలిక రెండుగా చీలినా, రెండు కలిసినా మరక తనంతట తానే ఆ పని చూసుకుంటుంది. పీటర్ కండాల్ 1971లో చూపిన దారి ఇంకా తమాషా. ఆ దారిలో నడిచినవాళ్లు రాయిని బూందీలడ్డుగా మార్చేశారు. పాకంతో అతుక్కున్న వేలూలక్షల పూసలు. ప్రతి పూసకీ న్యూటన్ సూత్రం వర్తిస్తుంది. ఏ రెండు పూసల మధ్య పాకం తెగితే అక్కడ చిన్న పగులు. అవన్నీ కలిస్తే పెద్ద చీలిక. లడ్డూ పద్ధతిలో రాయి బాగా రాయిలాగే ప్రవర్తిస్తుంది. కాకపోతే చేతిలో పట్టే రాయికే లక్షల పూసలు కావాలి. కొండకు ఎన్ని కావాలి?

రాయి మాట వినలేదు

మోడల్ తెర మీద అందంగానే ఉంటుంది. కింద ఏం జరిగిందో చూసొచ్చేదెవరు?

అమెరికాలో నెవాడా అణుపరీక్షల స్థలంలో సాండియా ప్రయోగశాల వాళ్లు 1970ల్లో, 80ల్లో ఆ పనీ చేశారు. సొరంగం పక్కన రాతిలోకి ద్రవం పంపి చీల్చారు. తర్వాత అదే రాయిని తవ్వుకుంటూ వెళ్లి చీలికను కళ్లారా చూశారు. పుస్తకాల్లో గీసినట్టు ఒకటే నున్నటి పలక కనిపించలేదు. చాలాచోట్ల పాయలుగా విడిపోయింది. పాత బీటలు తగిలినచోట పక్కకు జరిగి మళ్లీ మొదలైంది. ఆ తర్వాత టెక్సాస్‌లోని పర్మియన్ బేసిన్‌లో చీల్చిన రాతిలోంచే సుమారు 600 అడుగుల పొడవున రాతికడ్డీ కోసి తీస్తే అందులో 700కు పైగా చీలికలు లెక్కకొచ్చాయి. మోడల్ వేసేవాళ్లు అక్కడ పదుల్లో గీసుకునేవారు.

అంతకన్నా పెద్ద పాఠం న్యూమెక్సికోలోని ఫెంటన్ హిల్‌ది. వేడిరాళ్ల నుంచి కరెంటు తీయాలన్న ఆలోచనను మొదటిసారి చేతల్లో పెట్టింది లాస్ అలమోస్ ప్రయోగశాల. రెండో దశలో నాలుగు కిలోమీటర్లు దాటిన లోతున, 300 డిగ్రీలు దాటిన గ్రానైటులో రెండు బోర్లు ఏటవాలుగా వేశారు, ఒకదాని పైన ఒకటి. కింది బోరులోంచి చీలిస్తే చీలికలు నిలువుగా లేచి పైబోరును తాకుతాయని లెక్క. తాకలేదు. మళ్లీ పంపారు. తాకలేదు. 1983 డిసెంబరులో ఏకంగా 21 వేల ఘనపు మీటర్ల నీళ్లు దించారు. రెండు బోర్ల మధ్యా అయినా దారి పడలేదు! చుట్టూ పెట్టిన సూక్ష్మ కంపన మాపకాలు చెబితే తెలిసింది, రాయి వాళ్లనుకున్న వైపు కాకుండా వేరే వైపు ఏటవాలుగా తెరుచుకుంటోందని. చీలికను బోరు దగ్గరకు తేవడం మానుకుని, 1985లో బోరునే పక్కకు తిప్పి చీలికలున్న చోటికి తీసుకెళ్లారు. అప్పుడు నీళ్లు పారాయి. మొండివాడితో తగాదా పెట్టుకోకుండా సర్దుకుపోయినట్టు.

తప్పు గణితానిది కాదు. అక్కడ పాత బీటలు ఎన్నున్నాయో, ఎటున్నాయో తెలియకపోవడం. 1994లో అచ్చయిన ఒక పోలిక కూడా ఇలాంటిదే. ఒకే బావి వివరాలను రకరకాల ప్రోగ్రాములకు ఇచ్చి చీలిక ఎంత పొడవొస్తుందో చెప్పమన్నారు. సమాధానాల్లో బోలెడు తేడాలు. ఒకే జాతకాన్ని నలుగురు సిద్ధాంతులకు చూపించినట్టయింది.

ఎన్ని నీళ్లు? ఎంత అదురు?

గ్యాస్ బావుల్లో చీలిక తప్పుదారి పడితే కంపెనీకి నష్టం. ఊరి కింద పడితే? 2006 డిసెంబరులో స్విట్జర్లాండులోని బేసెల్ నగరం కింద అయిదు కిలోమీటర్ల లోతున నీళ్లు పంపారు. 1356లో భూకంపంతో నేలమట్టమైన చరిత్ర ఉన్న ఊరది. ఆరు రోజులకే కుదుపులు ఎక్కువవడంతో పంపులు ఆపారు. ఆపిన కొన్ని గంటలకు 3.4 తీవ్రతతో నగరం ఉలిక్కిపడింది. పంపులు ఆపితే భూమి ఆగదని అక్కడ తెలిసొచ్చింది. 2009లో ప్రాజెక్టును మూసేశారు.

పొహాంగ్‌లో పని మొదలుపెట్టేనాటికి బేసెల్ కథ అందరికీ తెలుసు. అక్కడా ట్రాఫిక్ లైటు పద్ధతి పెట్టుకున్నారు. కంపనాలు ఫలానా స్థాయి దాటితే పంపు నెమ్మది, ఇంకాస్త దాటితే బంద్. ఆ రోజుల్లో చాలామంది నమ్మిన ఇంకో లెక్కా ఉంది. అమెరికా భూగర్భ శాస్త్రవేత్త మెక్‌గార్ 2014లో ప్రచురించింది. పంపిన నీటి పరిమాణాన్ని బట్టి రాగల భూకంపానికి ఒక పైహద్దు ఉంటుందని. పొహాంగ్‌లో 2016 జనవరి నుంచి 2017 సెప్టెంబరు దాకా పంపింది మొత్తం 13 వేల ఘనపు మీటర్ల లోపే. ఆ లెక్క ప్రకారం భూకంపం 4 కూడా దాటకూడదు. వచ్చింది 5.5. శక్తిలో చూస్తే వందల రెట్లు!

ఎక్కడ తేడా కొట్టింది? నీళ్లు రాయిని చీల్చడం ఒకటి, పాత భ్రంశాన్ని జారనివ్వడం ఇంకొకటి. భ్రంశమంటే ఒకదాన్నొకటి అదిమిపట్టుకున్న రెండు మహా పలకలు. రాపిడే వాటిని ఆపుతూ ఉంటుంది. మధ్యలోకి నీటి ఒత్తిడి చేరితే ఆ అదుము కాస్త సడలుతుంది. పలకల వెనక వేల ఏళ్లుగా పేరుకున్న బలం ఉంటే ఆ కాస్తా చాలు. పైహద్దు లెక్క నీళ్లెన్ని అనే అడిగింది. విల్లు అప్పటికే ఎంత ఎక్కుపెట్టి ఉందని అడగలేదు. ఎక్కుపెట్టిన బాణం వదలడానికి ఎంత బలం కావాలి?

జాడలు లేవా అంటే ఉన్నాయి. రెండో బోరు తవ్వుతున్నప్పుడు సుమారు 3.8 కిలోమీటర్ల లోతున తవ్వకపు బురద ఉన్నట్టుండి రాతిలోకి ఇంకిపోయింది. భ్రంశం అక్కడే ఉందని దర్యాప్తులో తేలింది. చిన్నచిన్న కంపనాలన్నిటినీ పటం మీద పెట్టి చూస్తే అవన్నీ ఒకే పలక మీద వరసకట్టాయి. 2017 ఏప్రిల్‌లో 3 దాటిన కుదుపొచ్చింది. ఆగస్టు, సెప్టెంబరుల్లో మళ్లీ పంపారు. చివరిసారి పంపిన రెండు నెలలకు ఊరు కంపించింది. ఇవన్నీ దర్యాప్తు బృందం తర్వాత తీరిగ్గా పేర్చి చూసిన సంగతులు. వాటిని అప్పటికప్పుడు మోడల్‌లోకి ఎక్కించి, కింద భ్రంశముందని గుర్తుపట్టే ఏర్పాటు అక్కడ లేదు. ట్రాఫిక్ లైటుకు తెలిసిందల్లా ఎర్ర, పచ్చ రంగులే.

ఊళ్లోవాళ్లు వేల సంఖ్యలో కోర్టుకెక్కారు. 2023 నవంబరులో స్థానిక కోర్టు తలా 20 నుంచి 30 లక్షల వాన్లు ఇమ్మంది. మన లెక్కలో లక్షా పాతికవేల నుంచి రెండు లక్షల రూపాయల మధ్య. 2025 మేలో పైకోర్టు ఆ తీర్పును కొట్టేసింది. భూకంపం ఆ పని వల్ల వచ్చిందంటే, నిర్లక్ష్యం రుజువైనట్టు కాదన్నది దాని మాట. లెక్క తప్పడం నేరమా కాదా అన్న ప్రశ్నకు ఇంజినీర్లకన్నా న్యాయమూర్తులే ఎక్కువ తలపట్టుకోవాల్సి వచ్చింది.

పొహాంగ్ తర్వాత మోడల్ వేసే పద్ధతే మారుతోంది. ముందు ఒక్కసారి లెక్కవేసి గోడకు తగిలించే జవాబు కాదిప్పుడు. పంపులు నడుస్తుండగానే కంపనాల సమాచారం లోపలికి పోతుంటుంది. గంట గంటకూ మోడల్ తన అంచనా సవరించుకోవాలి. అదీ ఒక జవాబు కాదు, వందల జవాబులు. బీటలు ఇలా ఉంటే ఇంత, అలా ఉంటే అంత అని. అమెరికాలో యూటా రాష్ట్రంలోని మిల్‌ఫర్డ్ దగ్గర ప్రభుత్వ ఖర్చుతో నడిచిన ఫోర్జ్ ప్రయోగశాల ఇందుకు పెద్ద బడి. ఊళ్లకు దూరంగా, గ్రానైటులో, నిలువుకు 65 డిగ్రీలు వాల్చి ఒక బోరు వేశారు. 2022 ఏప్రిల్‌లో దాని అడుగున చీల్చి, కంపనాలు ఎక్కడెక్కడ పుట్టాయో గుర్తించారు. ఆ పటం చూసుకునే రెండో బోరును సుమారు వంద మీటర్ల ఎడంలో 2023లో దించారు. ఫెంటన్ హిల్ నేర్పిన క్రమమే. ముందు రాయి మాట విని తర్వాత బోరు! మొదటిసారి నీళ్లు సరిగా రాలేదు. 2024 వసంతంలో మళ్లీ చీల్చి, ఆ ఏడే నెలరోజులపాటు నీళ్లు తిప్పి చూస్తే పంపిన దానిలో చాలాభాగం వేడెక్కి పైకొచ్చింది. సమాచారమంతా అందరికీ ఇచ్చేయడం అక్కడి ఇంకో మంచి పని. ఎవరి మోడల్ సంగతి ఏమిటో ప్రపంచంలో ఎవరైనా సరిచూసుకోవచ్చు.

మన కిందా గ్రానైటే

భూమి లోపలి వేడి మనకూ ఉంది. మణుగూరు దగ్గర పగిడేరులో బోరులోంచి వేడినీళ్లు వాటంతటవే ఉబికివస్తే, వాటితో 20 కిలోవాట్ల చిన్న కరెంటు యూనిట్‌ను సింగరేణి పెట్టింది. అక్కడ రాయిని చీల్చాల్సిన అవసరమే రాలేదు.

రాయిని చీల్చి అడిగే ప్రశ్న ఇంకోటి ఉంది. చీలిక తెరిచాక పంపు ఆపేస్తే అది ఏ ఒత్తిడి దగ్గర మూసుకుంటుందో చూస్తే, భూమి ఆ చోట రాయిని ఎంత బలంగా నొక్కుతోందో తెలిసిపోతుంది. ఏ మోడల్‌కైనా మొట్టమొదట కావాల్సిన అంకె అదే. హైదరాబాద్‌లోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ, అదే మన ఉప్పల్ రోడ్డు పక్కనున్న ఎన్‌జీఆర్ఐ, దేశంలో పలుచోట్ల ఇలా కొలిచింది. ఆ సంస్థ శాస్త్రవేత్తలు 1992లో భారత ఉపఖండమంతటికీ ఈ ఒత్తిళ్ల దిశలు చూపే పటం ప్రచురించారు. మన భూభాగం వెళ్లి హిమాలయాలను గుద్దుకుంటున్న తోపిడి దేశం నడిమిదాకా రాళ్లలో నమోదై ఉంది. మహారాష్ట్రలోని కొయ్నాలో డ్యామ్ నిండాక 1967 డిసెంబరు 11న వచ్చిన 6.3 తీవ్రత భూకంపం దాదాపు 200 మందిని బలితీసుకుంది. అదీ నీటి ఒత్తిడి కథే, పంపులు లేకుండా. అక్కడ మూడు కిలోమీటర్ల లోతుకు బోరు వేసి, గ్రానైటు లోపలి ఒత్తిడిని దగ్గరికెళ్లి కొలిచే పని కూడా ఈ దేశ శాస్త్రవేత్తలే ఎత్తుకున్నారు.

అన్నట్టు, ఏ మోడలూ లేకుండా ఈ పని జరిగేచోట్లూ ఉన్నాయి. తెలంగాణలో, రాయలసీమలో గ్రానైటు మీద సేద్యం చేసే ఊళ్లలో బోరు ఎండిపోయినప్పుడు కొత్తది వేసే స్తోమత లేక రైతు ఆఖరి ప్రయత్నంగా హైడ్రోఫ్రాక్చరింగ్ లారీని పిలిపిస్తాడు. బోరులోకి రబ్బరు ప్యాకరు దించి, మధ్యలో బిగించి, కిందికి పెద్ద ఒత్తిడితో నీళ్లు కొడతారు. పూడిన పాత బీటలు కడుక్కుని తెరుచుకుంటే పక్కనున్న నీళ్లు బోరులోకి వస్తాయి, లేకపోతే లేదు. చీలిక ఎటు పోయిందో, ఎంత పోయిందో కొలిచేవాళ్లుండరు. అందరి కళ్లూ పంపు మీదున్న గుండ్రటి మీటరు మీదే. ముల్లు ఎక్కుతూ ఎక్కుతూ పోయి, ఒక్కసారిగా కిందికి పడితే ‘పగిలింది’ అంటాడు ఆపరేటరు. రైతు ఆ ముల్లునొకసారి, బోరునొకసారి చూస్తూ మోటారు దించేదాకా అక్కడే నిలబడి ఉంటాడు.